బండికి పది నిమిషాలు

ఎజ్రా వెళ్ళేటప్పుడు తల్లికి అప్పజెప్పింది ఒకటే పని. రోజూ బండి కిక్కు కొట్టి, ఇంజను ఓ పది నిమిషాలు ఆడనిచ్చి ఆపెయ్యమన్నాడు. లేకపోతే బ్యాటరీ చచ్చిపోతుందన్నాడు. జీవరత్నం సరేనంది గానీ, ఊరు దాటే వేళ ఆ చావు మాటేమిటని లోపల్లోపలే గింజుకుంది.

అది కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన ఏడాది. కైకలూరు అవతల ఒక చెరువు మీద నాలుగేళ్ళు పనిచేసిన ఎజ్రాకి వారం తిరిగేసరికి చెరువూ లేదు, పనీ లేదు. ఒరిస్సాలో రొయ్యల చెరువులు చేస్తున్న మనవాళ్ళెవరో రమ్మంటే రైలెక్కాడు. ఏలూరులో ఆ రెండు గదుల ఇంట్లో జీవరత్నం, కాలేజీకి వెళ్ళే కూతురు జ్యోత్స్న, వసారాలో బండి మిగిలాయి.

మర్నాడే జీవరత్నం బడిలో ఆయా పని ముగించుకుని వచ్చి బండి ముందు నిలబడింది. కిక్కు వెనక్కి తన్ని కాలి ఎముక విరుగుతుందేమో. బండి గేరులో ఉండి ఎగిరి గోడలోకి దూసుకుపోతుందేమో. పెట్రోలు కారి, నిప్పురవ్వ పడి, వంటింట్లో గ్యాసు బండ అంటుకుంటే? అక్కడితో ఆగిందా, కాలిన ఇంటి ముందు జనం గుమిగూడటం, కబురు విని ఎజ్రా రైల్లో ఏడుస్తూ రావడం కూడా కళ్ళక్కట్టాయి. ఇంజను జోలికి పోకుండా ఒక దారి వెతుక్కుంది. కీ మాత్రం తిప్పింది. పచ్చ దీపం వెలిగింది. దీపం వెలుగుతోందంటే బ్యాటరీకి ప్రాణం అందుతున్నట్టే కదా అనుకుంది.

వసారాలో గడియారం లేదు. బైబిలు తెచ్చుకుని స్టూలు మీద కూర్చుని కీర్తనలు చదివేది. రెండో మూడో అయ్యేసరికి పది నిమిషాలు. ఒరిస్సాలో వాన అని రేడియోలో చెప్పిన రోజు, వాడి దగ్గర్నుంచి ఫోను రాని రోజు మాత్రం పెద్ద కీర్తన చదివేది. లేచేముందు కీ తియ్యబోయి, హారను రెండుసార్లు నొక్కేది. ఎజ్రా చెరువు మీద నుంచి వస్తే సందు మలుపులోనే అలా రెండుసార్లు కొట్టేవాడు, అది వినబడగానే ఈవిడ అన్నం వడ్డించేది. ఇప్పుడు ఆ చప్పుడు తనే చేసుకుని, ఒక్క క్షణం సందు మలుపు వంక చూసి, లోపలికి పోయేది.

మూడో నెలలో పచ్చ దీపం గుడ్డిదైంది. హారను జలుబు చేసిన కోడిలా కుయ్యిమని ఊరుకుంది. వస్తువుకి ఇలా అయితే మనిషికి ఏమైందోనని జీవరత్నం వెంటనే జ్యోత్స్న చేత ఫోను చేయించింది. ఎజ్రా బాగానే ఉన్నాడు. బండి మెకానిక్కు కనకరాజుకి చూపించమన్నాడు.

కనకరాజుది వాళ్ళ చర్చే, ఆదివారం వెనక బల్లలో కూర్చునే మనిషి. బ్యాటరీ విప్పి చూసి, లోపల నీళ్ళు తగ్గాయని డిస్టిల్ వాటర్ పోశాడు. కొనల మీద తెల్లగా పేరుకున్న బూజుని వేణ్ణీళ్ళతో కడిగి, వేజలైను రాసి, రాత్రంతా ఛార్జింగు పెట్టి తెచ్చి బిగించాడు. రోజూ పెడుతున్నారా అమ్మగారూ అని అడిగాడు. ఒక్క రోజు మాననండి అంది జీవరత్నం. అబద్ధం కాదు. పది నిమిషాలు చాలడం లేదు కాబోలుననుకుని ఆ రోజు నుంచి ఇరవై చేసింది.

ఈసారి బ్యాటరీ మూడు వారాలే ఆగింది. ఆ తర్వాత పది రోజులు. షాపులో పెడితే ఛార్జింగు నిలబడుతోంది, బండికి తగిలిస్తే పోతోంది. కనకరాజు తల గోక్కుని, వైరింగులో ఎక్కడో కరెంటు కారుతోంది, మొత్తం విప్పి చూడాలన్నాడు. ఆ మాట ఫోనులో వినగానే ఎజ్రా విసుక్కున్నాడు. వచ్చినప్పుడు అమ్మేస్తాను, ఇక్కడే ఇంకోటి కొనుక్కుంటానన్నాడు. ఆ ‘ఇక్కడే’ జీవరత్నానికి ముల్లులా దిగింది. బండి అక్కడ కొంటే గది అక్కడ తీసుకుంటాడు, గది తీసుకున్నవాడు మరి రాడు.

పద్నాలుగు నెలలు గడిచాక మంచి కబురు వచ్చింది. కైకలూరులో చేపల మేత కొట్టు నాగేశ్వరరావుగారు ఎజ్రాకి ఫోను చేశారు. ఆకివీడు దాకా చెరువులు తిరిగి, చేప ఎలా ఉందో చూసి, ఎంత మేత వెయ్యాలో రైతులకి చెప్పే మనిషి కావాలి. పని తెలిసుండాలి, సొంత బండి ఉండాలి. సోమవారం బండేసుకుని రమ్మన్నారు. ఎజ్రా నాలుగు రోజులు సెలవు పెట్టి శనివారం పొద్దున దిగాడు. నల్లబడ్డాడు, మెడ ఎముకలు తేలాయి. అన్నం తిని వసారాలోకి వచ్చి కీ తిప్పితే దీపం లేదు. కిక్కు కొట్టి కొట్టి చెమటలు కారాయి. కొన్ని బళ్ళు బ్యాటరీ లేకపోయినా కిక్కుకి అందుకుంటాయి, ఈ బండి అందుకోదు.

“దీన్ని నమ్ముకుని కైకలూరు వెళ్తే దారి మధ్యలో తోసుకోవాలమ్మా. ఆ పని మనకి రాసిపెట్టి లేదనుకో,” అన్నాడు ఎజ్రా.

జీవరత్నం ఆ పూటే కనకరాజుని పిలిపించి, బ్యాటరీ విప్పించి ఛార్జింగుకి పంపింది.

ఆదివారం చర్చి అయ్యాక కనకరాజు ఛార్జింగు పెట్టిన బ్యాటరీ, వైర్లు వేలాడే చిన్న బల్బు పట్టుకుని వచ్చాడు. కీ తీసేసి, బ్యాటరీ వైరు ఒకటి విప్పి, ఆ వైరుకీ బ్యాటరీకీ మధ్య బల్బు పెట్టాడు. కరెంటు ఎక్కడన్నా కారుతుంటే బల్బు వెలగాలి. తల్లీ పిల్లలూ వంగి చూశారు. వెలగలేదు. వైర్లన్నీ కదిపి చూశాడు. అయినా వెలగలేదు.

“కీ తీసుంటే ఈ బండి చుక్క కరెంటు తాగట్లేదండి. వైరింగు బంగారంలా ఉంది. ఎవరో కీ పెట్టి వదిలేస్తున్నారు,” అన్నాడు కనకరాజు.

ఎజ్రా చెల్లెలి వైపు తిరిగాడు. స్నేహితురాళ్ళు వస్తే బండెక్కి కూర్చుని సోకులు పోతున్నావా అని మొదలుపెట్టాడు. జ్యోత్స్న, నీ తుక్కు బండి నాకెందుకు, దాని మీద దుమ్ము తుడవడం కూడా నా పని కాదని ఎదురు తిరిగింది. మాటా మాటా పెరిగింది. జీవరత్నానికి సంగతి అర్థమైపోయింది. చెబితే ఇక కొడుకు మొహంలోకి చూసే ధైర్యం ఉండదు. చెప్పకపోతే బండి పోతుంది, బండితో పాటు వాడూ పోతాడు.

“దాన్ని అనకు నాన్నా. కీ పెడుతున్నది నేను,” అంది.

కిక్కు కొట్టడానికి భయమేసిందనీ, దీపం వెలిగించి కూర్చుంటే చాలుననుకున్నాననీ చెప్పింది.  ఇంజను తిరిగితేనే బ్యాటరీలోకి కరెంటు వస్తుందని, ఊరికే కీ పెడితే ఉన్నది పోతుందని కనకరాజు వివరించాడు.

“దానికి రోజూ అన్నం పెడుతున్నాననుకుని, దాని కంచంలోది మీరు తినేస్తున్నారండి. ఎంతసేపు పెట్టేవారేంటి?”

“కీర్తనలు చదివినంతసేపండి.”

“ఏ కీర్తనలండి?”

“భయమేసిన రోజున నూట పంతొమ్మిది.”

“నూట డెబ్భై ఆరు వచనాలండీ బాబూ,” అన్నాడు కనకరాజు తల పట్టుకుని. “నూట పదిహేడు చదవలేకపోయారా, రెండే వచనాలు. బ్యాటరీ ఇంకో ఆర్నెల్లు బతికేది.”

జ్యోత్స్న పకపకా నవ్వింది. జీవరత్నానికీ నవ్వు రాబోయి ఆగింది. నవ్వుతూనే జ్యోత్స్న, హారను సంగతి కూడా చెప్పమంది. తల్లి చెప్పకపోయేసరికి తనే చెప్పింది.

“రోజూ రెండుసార్లు కొడుతుందన్నయ్యా, నీలాగే. మొదట్లో నువ్వే వచ్చావనుకుని పరిగెత్తుకొచ్చేదాన్ని.”

ఎజ్రా బండి గొలుసు చూస్తున్నట్టు వంగి, చాలాసేపు లేవలేదు.

అన్నిసార్లు అడుగంటిన బ్యాటరీ ఇక పనికిరాదని తేల్చి, కనకరాజు సాయంత్రానికి కొత్తది తెచ్చి బిగించాడు. సోమవారం పొద్దున ఎజ్రా కైకలూరు వెళ్ళాడు. ఆ దారిలో చేపల లారీలు ఎలా పోతాయో జీవరత్నానికి తెలుసు. వాడు తిరిగి వచ్చేదాకా మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

వాడు మధ్యాహ్నం దాటాక వచ్చాడు. పని ఇస్తానన్నారట. అయితే ఒరిస్సాలో చెరువుల్లో రొయ్య సగం ఎదిగి ఉంది. రొయ్య పట్టి అమ్మే పట్టుబడి అయ్యేదాకా, అంటే ఇంకో రెండు నెలలు, వదిలి రావడానికి లేదు. ఎదుగుతున్న చెరువుని వదిలి వచ్చినవాడిని ఆ పనిలో ఎవరూ మళ్ళీ నమ్మరు. నాగేశ్వరరావుగారు కూడా అదే అన్నారట. వాళ్ళ చెరువుని మధ్యలో వదిలితే రేపు నా కొట్టూ వదులుతావు, పట్టుబడి చేసుకునే రా, కానీ వచ్చిన మర్నాడే బండితో నా ముందుండాలి అన్నారట.

రెండు నెలలు. జీవరత్నానికి అది సంతోషమో దుఃఖమో తెలియలేదు. వస్తానన్నవాడు రాకుండా చేసేవి ఈ లోకంలో ఎన్ని లేవు? వానలు, రైళ్ళు, జ్వరాలు. అవన్నీ తలుచుకుంటూ నిలబడిపోయింది.

ఎజ్రా మాత్రం తేలిగ్గానే ఉన్నాడు. ఆ రెండు నెలలూ నువ్వు బండి ముట్టుకోనక్కర్లేదమ్మా అన్నాడు. బ్యాటరీ వైరు విప్పేసి, బండి మీద దుప్పటి కప్పి వెళ్తాను, నెలకోసారి కనకరాజు ఛార్జింగు పెట్టి ఇస్తాడు అంటూ, లోపల్నుంచి పాత దుప్పటి కూడా తెచ్చాడు.

“దుప్పటి కప్పొద్దు,” అంది జీవరత్నం.

“దుమ్ము పడకుండా అమ్మా.”

“నువ్వు లేనప్పుడు దుప్పటి కప్పి ఉన్నదాన్ని నేను చూడలేను. కిక్కు ఎలా కొట్టాలో చెప్పు.”

ఎజ్రా ఆవిడ వంక తేరిపార చూసి దుప్పటి పక్కన పెట్టాడు. బండి పెద్ద స్టాండు వేసి గోడకి దూరంగా జరిపాడు. గేరు లేదనడానికే ఆ పచ్చ దీపమని చూపించాడు. కాలు ఎక్కడ పెట్టాలో, ఎంత నొక్కాలో చెప్పి, హాండిలు తను పట్టుకున్నాడు. మొదటిసారి ఆవిడ చెప్పు జారింది. రెండోసారి బండి ఒక్క దగ్గు దగ్గింది. మూడోసారికి ఇంజను అందుకుంది. జీవరత్నం రెండడుగులు వెనక్కి వేసి, అంటుకుంటుందేమోనని ట్యాంకు వైపు చూసింది. ఏమీ అంటుకోలేదు. మంగళవారం ఎజ్రా రైలెక్కాడు.

బుధవారం సాయంత్రం బడి నుంచి వచ్చి, చెంగు బొడ్లో దోపుకుని, ఆవిడ ఒక్కతే బండి దగ్గర నిలబడింది. నాలుగు కిక్కులు పట్టింది. మోకాలు కలుక్కుమంది. బండి మోగడం మొదలుపెట్టాక, గోడ మీద ఉన్న అద్దం సన్నగా వణికింది, వసారా అంతా పెట్రోలు వాసన నిండింది. వాడు వచ్చిన రోజుల్లో ఇల్లంతా ఇదే వాసన. ఆవిడ హాండిలు మీద చెయ్యి వేసి, ఆ అదురు మోచేతి దాకా పాకుతుంటే కదలకుండా నిలబడింది.

పది నిమిషాలు దాటాయి. జ్యోత్స్న లోపల్నుంచి, చాలమ్మా, పెట్రోలు అయిపోతుంది, ఆపు అంది.

“ఇంకొక్క నిమిషమే,” అంది జీవరత్నం.