కుండ తోమమన్న వాక్యం

గంజి పులియబెట్టే తరవాణి కుండలో పాత నీళ్లు వంచేటప్పుడు అడుగున గిద్దెడు మిగల్చాలి. కాపురానికి వచ్చిన మొదటి వారంలో కమలాదేవి ఆ గిద్దెడూ పారబోసి, కుండను వేడినీళ్లతో తళతళలాడేలా తోమి, అత్తగారి చేత చీవాట్లు తింది. "ఓలమ్మా, కుండని సంపీసేవు కదే!" అంది లక్ష్మణమ్మ. కుండని చంపడమేమిటని కమల లోపల్లోపల నవ్వుకుంది. అత్తగారన్నది అక్షరాలా నిజమని తెలియడానికి ఆరేళ్లూ, విజయనగరం గ్రంథాలయంలో ఒక ఇంగ్లీషు పుస్తకమూ పట్టాయి. గంజిని పులియబెట్టేవి కంటికి కనపడని ప్రాణులు. ఆ పాత నీళ్లలో, కుండ మట్టి సందుల్లో వాటి కాపురం. అక్షరం ముక్క రాని అత్తగారు నలభై ఏళ్లుగా వాటిని సాకుతోంది. కమలకి ఆనందంతో ఒళ్లు ఝల్లుమంది. ఇంటికొచ్చి, వంటింటి గడప మీద కూర్చుని వ్యాసం రాయడం మొదలుపెట్టింది.

అది పన్నెండో వ్యాసం. మొదటిది నెల్లిమర్ల వైపు గోగుకట్టలు నార తీసే ముందు నీళ్లలో ఎందుకు ఊరవేస్తారో రాసినది. దాన్ని చూసిన భర్త భీమశంకరరావు, "బాగానే ఉన్నాది గానీ, ఆడపేరుతో సైన్సు ఎవుడు సదువుతాడు? వంటల పేజీలో పడేస్తారు. నా పేరు పెట్టు, మనిద్దరిదీ ఒకటే కదా" అన్నాడు. ఆయన గజపతినగరం హైస్కూల్లో సైన్సు మాస్టారు. పేరు వెనక బి.ఎస్సీ., బి.ఇడి. ఉన్నాయి. కమలకి పి.యు.సి. దాకానే చదువు, ఆపైన పెళ్లి. మనిద్దరిదీ ఒకటే అన్న మాట అప్పట్లో ఆమెకు ముద్దుగానే వినిపించింది. అలా మూడేళ్లలో వారపత్రికలో పదకొండు వ్యాసాలు ఆయన పేరున అచ్చయ్యాయి. స్టాఫ్ రూములో అందరూ మెచ్చుకుంటే ఆ మెప్పును ఆయన సాయంత్రం ఇంటికి తెచ్చి చెప్పేవాడు, చెబుతూనే కాఫీ అడిగేవాడు. ఆమె మధ్యాహ్నం అంట్లకీ పొయ్యి రాజేసే వేళకీ మధ్య దొరికే గంటలో రాసేది. ఆ గంటలో ఎవరైనా చూడవస్తే, "మా కోడలు ఖాళీగానే ఉన్నాది, రండి" అని అత్తగారు పిలిచేది. ఎవరి మీదా ఫిర్యాదు చేసే అలవాటు కమలకి లేదు. ఆ అలవాటు లేకపోవడమే తన మంచితనమని చాలా కాలం అనుకుంది కూడా.

అరవై ఎనిమిది వేసవిలో తరవాణి వ్యాసం అచ్చయింది. భీమశంకరరావు పత్రిక పట్టుకుని అరుగు మీద కూర్చుని, గొంతు సవరించుకుని తల్లికి చదివి వినిపించాడు. లక్ష్మణమ్మ తలూపుతూ వింటోంది. "కుండను రెండు రోజులకొకసారి సబ్బుతోనూ, సలసల కాగే నీళ్లతోనూ తోమి ఎండబెట్టుకోవాలి" అన్న దగ్గర ఆవిడ తల ఆగిపోయింది.

"ఇదేటిరా? కుండ తోమీమని నానెప్పుడు సెప్పినాను?"

"శుభ్రతమ్మా. నీకు సైన్సు తెలీదు."

కమల గుమ్మంలో నిలబడి వింది. ఆ వాక్యం ఆమె రాయలేదు. పోస్టులో వేసే ముందు ఆయన కలిపాడు. అడిగితే, "నా పేరుతో ఎళ్లేదానికి నా సెయ్యి పడాల కదా" అన్నాడు. ఆయన జన్మలో ఆ కుండ ముట్టుకోలేదు.

పదిహేను రోజులకి సంపాదకుడి దగ్గర నుంచి ఒక కవరు వచ్చింది. అందులో పాఠకుల ఉత్తరాలు మూడు. కోటబొమ్మాళి నుంచి గురమ్మ అనే ఆవిడ రాయించింది: "మీ మాట విని కుండ తోమినాను. మూడో నాటికి గంజి కుళ్లి కంపుకొట్టినాది. మా అమ్మమ్మ నాటి కుండ. మాస్టారూ, మీరెప్పుడైనా తరవాణి పెట్టినారా?" వచ్చే నెల నుంచి ప్రతి సంచికలోనూ ఒక పేజీ ఇద్దామనుకున్నామనీ, ముందు సవరణ పంపితే ఆ సంగతి చూస్తామనీ సంపాదకుడు రాశాడు.

ఆ పేజీ కమల కల. రాయవలసిన విషయాలు బియ్యం డబ్బా వెనక కాగితం మీద జాబితా వేసి పెట్టుకుంది కూడా.

భీమశంకరరావు గదిలో అటూ ఇటూ తిరిగి, చివరికి ఆమె చేతికి కాగితం ఇచ్చాడు. "రాయి. సాఫు ప్రతి రాసేటప్పుడు మా ఆవిడ పొరపాటున ఆ వాక్యం కలిపినది. ఆడవాళ్లకు శాస్త్రజ్ఞానం తక్కువ గనక పాఠకులు మన్నించగలరు."

"అంటే తప్పు నాదా?"

"ఎవుల్దో ఒకలదనాల కదే. నీ పేరు కూడా రాయటం లేదు, మా ఆవిడ అంటన్నాను, అంతే. నీకేటి పోయింది? నేనైతే స్కూల్లో తలెత్తుకోలేను. రాసి ఉంచు, వచ్చి సంతకం పెడతాను." చొక్కా తగిలించుకుని వెళ్లిపోయాడు.

కమల కాగితం ముందు కూర్చుంది. పన్నెండు వ్యాసాల్లో ఆమెకు దొరికిన చోటు ఇదీ, ఆయన చేసిన తప్పులో. ఆయన చెప్పినట్టు రాస్తే పేజీ వస్తుంది, ఆయన పేరున. నిజం రాస్తే, మూడేళ్లు మోసం చేశారని సంపాదకుడు ఇద్దరి మొహానా తలుపు వేయొచ్చు. రెండోదే ఎక్కువ భయంగా ఉంది. అయినా కోపం భయాన్ని దాటి వస్తోంది, ఆపాలని ఆమెకు లేదు.

"ఆడేటి రాయమన్నాడు?" అడిగింది లక్ష్మణమ్మ, చేట పట్టుకుని వచ్చి.

కమల చెప్పింది. ఆవిడ కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరడం మొదలుపెట్టింది.

"కుండ నాది, రాత నీది. మద్దెన ఆడెవుడే?" అంది, ఒక రాయి ఏరి పారేస్తూ.

కమల కలం తీసింది. కుండను తోమకూడదనీ, ఎందుకు తోమకూడదో వివరంగానూ రాసింది. చచ్చిన కుండని మళ్లీ ఎలా బతికించాలో గురమ్మ కోసం ప్రత్యేకంగా రాసింది: ఇరుగింటి కుండలోంచి గిద్దెడు పాత నీళ్లు తెచ్చి పొయ్యమంది. ఆ తరవాత ఇలా రాసింది: "కుండ తోమమన్న ఒక్క వాక్యం మా వారు రాసినది. మిగిలినదంతా, ఇంతకు ముందు అచ్చయిన పదకొండు వ్యాసాలతో సహా, నేను రాసినది." తడి ఆరేదాకా చూసి, మడిచి, కవరులో పెట్టి, చెప్పులు వేసుకుని పోస్టాఫీసుకి తనే వెళ్లింది.

పొద్దువాలుతుండగా భీమశంకరరావు వచ్చాడు. జేబులోంచి పెన్ను తీస్తూ అడిగాడు.

"రాసీసేవా? ఇలాతే, సంతకం పెట్టీస్తాను."

"పెట్టీసేను. పోస్టులో ఏసీసేను."

"నా సంతకం నువ్వెలాగ పెడతావే?"

"మీది కాదండీ, నాది."