సర్ ఆంబ్రోస్ చెంప మీది మరక

షెల్లీకి అన్నిటికన్నా పెద్ద భయం ఈ పని పోవడం. పదిహేనో ఏటే బడి మానేసింది. రెండేళ్ల కూతురు నెల్‌ని నర్సరీలో దింపి మళ్లీ తెచ్చుకునే వేళలకు అతికే పని ఆ చుట్టుపక్కల మరోటి లేదు. హాల్‌బెక్ టౌన్‌హాలులో తుడిచే పనికి చేరి మూడు వారాలైంది.

అక్కడ మెట్ల మలుపులో సర్ ఆంబ్రోస్ పాలరాతిలో, తల నుంచి భుజాల దాకా ఉంటాడు. నూటయాభై ఏళ్ల కిందట ఆ ఊరి తరఫున పార్లమెంటుకు వెళ్లి, మిల్లుల్లో పిల్లల పని గంటలు తగ్గించడానికి వీల్లేదని ఓటేసి వచ్చిన పెద్దమనిషి. ఎడమ చెంప మీద పసుప్పచ్చటి మరక.

షెల్లీ పక్క ఊరి పిల్ల. మరక కనబడితే చేయి ఊరుకోదు. వంటసోడా ముద్ద పట్టించి, గంట ఆగి తుడిచేసింది. చెంప మీగడలా తేలింది.

టౌన్‌హాలు కనిపెట్టుకుని ఉండే ముసలి విల్ఫ్ టీ కప్పుతో పైకి వస్తూ ఆగిపోయాడు.

"గుడ్డేదమ్మాయ్?"

"ఏ గుడ్డండీ?"

"ఈయన్ని ఇక్కడ పెట్టిన రోజు మిల్లు పిల్ల విసిరిన గుడ్డు. ఊరు మొత్తానికి చూపించుకోడానికి ఉన్నది అదొక్కటే. రేపు కొత్త మేయరు ఆనవాయితీగా టోపీ తీసి దండం పెట్టేది ఎవరికనుకున్నావ్, ఈయనకా?"

షెల్లీ మెట్టు మీద కూలబడింది. "నా పని పోయినట్టే. కాస్త టీ పూస్తే?"

"దొంగ గుడ్డుకి దండం పెట్టించమంటావా? ఊరుకో. కళ్లు తుడుచుకో, ఆయన్ని మాత్రం ఇంక తుడవకు."

మర్నాడు మేయరు టోపీ తీశాడు. ఎడమ చెంప చూశాడు. అనుమానం వచ్చి కుడి చెంప కూడా చూశాడు. టోపీ మళ్లీ పెట్టుకున్నాడు.

"ఎవరు తుడిచింది?"

షెల్లీ నోరు తెరిచేలోపే విల్ఫ్ అన్నాడు, "నేనే."

"ముప్పయ్యేళ్లు కాపాడావు కదయ్యా."

"అందుకే విసుగొచ్చింది."

ఆ వారమే విల్ఫ్‌ని పని మాన్పించి ఇంటికి పంపేశారు. పబ్బులో ఆయన కూర్చునే బల్ల దగ్గరకు ఇప్పుడెవరూ రావడం లేదు. షెల్లీ పని నిలిచింది. ఆమె తన గడప తొక్కితే జనం కూపీ లాగుతారని, వచ్చినా తలుపు తీయనని విల్ఫ్ ముందే చెప్పేశాడు.

మీలో ఎవరైనా అటు వెళితే, కాలువ వీధిలో చివరి ఇల్లు, ఆకుపచ్చ తలుపు. ఒకసారి తట్టి, వేళకి తింటున్నాడో లేదో చూసి రండి. షెల్లీ పేరు మాత్రం ఎత్తకండి.