చూశాను అన్న తర్వాత

"దేవుడు లేడంటావు, సరే. మరి తప్పు చేస్తే ఎవరికి జవాబు చెప్తావురా?" గరిటె నా వైపు చూపిస్తూ అడిగింది మా అక్క.

"నీకు. పుట్టిందగ్గర్నుంచీ చెప్తూనే ఉన్నాను కదా!"

బావ పక్కుమనబోయి, అక్క మొహం చూసి, నవ్వుని కాఫీతో పాటు మింగేశాడు.

అక్కని నేనూ బావా చాటుగా ప్రశ్నపత్రం అంటాం. కానీ ఈ మధ్య ఆ పేరు పలకడానికి కూడా మా ఇద్దరికీ ధైర్యం చాలడం లేదు. ఒక ప్రశ్నకి జవాబు చెప్పేలోపే ఇంకోటి వచ్చి పడుతోంది.

నాదీ బావదీ ఒకటే పని. ఎత్తైన భవనాల డాబా మీద నుంచి తాళ్ళకి వేలాడుతూ దిగి, బయటి అద్దాలు కడుగుతాం. జంటగా దిగుతాం. ఈ పనిలో ఒక కట్టుబాటు ఉంది. ఎవడి కొక్కెం వాడు చూసుకుంటే చాలదు. నడుం పట్టీకున్న కొక్కేన్ని తాడుకి తగిలించి, దాని మర బిగించాక, జంటవాడు వచ్చి లాగి చూసి, "చూశాను" అని పైకి అనాలి. ఆ మాట వినపడకుండా పిట్టగోడ దాటకూడదు. ఆ మాట అయ్యాక కొక్కేన్ని ముట్టుకోకూడదు. ముట్టుకున్నావా, మళ్ళీ మొదటికి.

మొన్న వేరే జట్టులో ఒకడు మొదటి అంతస్తు ఎత్తు నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. వాడి జంటవాడు ఫోన్ చూసుకుంటూ, కొక్కెం వైపు చూడకుండానే "చూశాను" అనేశాడట. ఆ కబురు చెవిన పడ్డప్పటి నుంచి అక్క కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతోంది. తిరిగి తిరిగి ఏం తేల్చిందయ్యా అంటే, వాడికి దైవభయం లేదట, అందుకే అలా చేశాడట. వాడి భక్తి సంగతి తనకేం తెలుసు? ఏమీ తెలీదు. నాకు లేదని మాత్రం బాగా తెలుసు!

అందుకని బావకి ఒక కుర్చీల దుకాణంలో పని మాట్లాడేసింది. వస్తాడో రాడో ఈ సాయంత్రం చెప్పెయ్యాలి.

"లేదూ, ఒక్క పని చెయ్యి" అంది గరిటె దించి. "దేవుడి మీద ఒట్టేసి నా ముందు చెప్పు, బావని జాగ్రత్తగా చూసుకుంటానని. ఆ మాటతో నాకు నిద్ర పడుతుంది. ఇంక నోరెత్తను."

బావ అక్క వెనక నుంచి నాకు కన్ను కొట్టాడు. వేసెయ్యరా బాబూ, పోయేదేముంది అని.

నాకు తిక్క రేగింది. అమ్మ పోయాక నన్ను ఎత్తుకుని పెంచింది ఈ అక్క. నాకు అన్నం తినిపించిన మనిషి, తన మొగుడి ప్రాణం నా చేతిలో పెట్టడానికి భయపడుతోంది. ఎంత కష్టంగా ఉంటుంది చెప్పండి! కాఫీ అలాగే వదిలేసి బయటికొచ్చేశాను.

డాబా మీదికి చేరాక కూడా నా కాలు ఒక చోట నిలవలేదు. తాళ్ళు పరిచాను, చుట్టాను, మళ్ళీ పరిచాను. బావ బకెట్లో సబ్బునీళ్ళు కలుపుతూ మెల్లగా మొదలెట్టాడు.

"ఇంతకీ ఈ లోకం దానంతటదే వచ్చిందంటావా?"

"నువ్వు కూడానా? నాకు తెలీదు బావా. తెలీనప్పుడు తెలీదంటాను. ఎవరి పేరో చెప్పి పని కానిచ్చెయ్యను."

"పోనీ, లేడని రుజువు చెయ్యగలవా?"

"నా కొత్త చొక్కా నువ్వు తియ్యలేదని రుజువు చెయ్యి చూద్దాం."

"తీశాను కదరా."

"అదీ సంగతి! ఉందన్నవాడు చూపించాలి, అంతేగానీ."

బావ బకెట్లో ఇంకొంచెం సబ్బు వేశాడు. "చచ్చాక ఏమవుతాం మరి?"

"పుట్టకముందు ఎలా ఉన్నామో అలా ఉంటాం. అప్పుడేమన్నా ఇబ్బంది పడ్డావా?"

"అంతేనా? అంతమాత్రానికి ఈ బతుకెందుకురా?"

"ఇవాళ ఈ అద్దాలు కడగాలి కాబట్టి. సాయంత్రం నీ కూతురు నా వీపెక్కి గుర్రమాట ఆడాలి కాబట్టి. నాకది సరిపోతుంది బావా, నిజంగా సరిపోతుంది. నీకు సరిపోకపోతే దండం పెట్టుకో, నేనెప్పుడైనా వద్దన్నానా?"

అనలేదు. బావ దిగేముందు రోజూ తాడు దగ్గర నిలబడి కళ్ళు మూసుకుంటాడు. కళ్ళు తెరిచి, "నీ వంతు కూడా చెప్పేశాలే" అంటాడు. నాకు ఒళ్ళు మండుతుంది. అనకపోతే మాత్రం ఏదో వెలితిగా ఉంటుంది.

ముందు నా కొక్కెం బావ లాగి చూశాడు. "చూశాను" అన్నాడు. తర్వాత పక్కకి తిరిగి కళ్ళు మూసుకున్నాడు. ఆ ప్రార్థన అయ్యాక నేను తనది చూడాలి. సరిగ్గా అప్పుడే డాబా తలుపు ధడాలున తెరుచుకుంది.

అక్క! కింద కాపలా అతన్ని ఏం చెప్పి ఒప్పించిందో. ఆయాసంతో మొహం ఎర్రబడిపోయింది. బావ మాత్రం కళ్ళు తెరవలేదు, దండం మధ్యలో ఎవరొచ్చినా తెరవడు.

"సాయంత్రం దాకా ఆగలేనురా. ఇక్కడే వెయ్యి ఒట్టు."

"వెయ్యను."

"దేవుడంటే నీకంత కోపం ఎందుకు?"

"లేనివాడి మీద కోపమేంటక్కా? నా కోపమంతా నీ మీదే!" అరిచేశాను. "చేతులు జోడించి ఒట్టేస్తే నీకు నిద్ర పడుతుంది, నిజమే. కానీ అది చూడనిదాన్ని చూశానని చెప్పడమే కదా! ఆ ఫోన్ చూసుకున్నవాడు చేసిందీ అదే కదా! నాకున్నది ఆ ఒక్క నియమం. దాన్నే తప్పమంటావా?"

అక్క ఒకడుగు వెనక్కి వేసింది. నేను అక్కడితో ఆగితే పోయేది. ఆగితే నేనెందుకవుతాను? నెగ్గుతున్నానన్న ఊపులో నడుం దగ్గరి మర విప్పి, కొక్కెం తాడు నుంచి తీసి, అక్క మొహం ముందు ఆడించాను.

"ఇదిగో, రోజూ బావది ఇలా లాగి చూస్తాను. ఈ మర ఇలా తిప్పి చూస్తాను. పైన ఎవడో చూస్తున్నాడని కాదు. ఇది ఊడితే పొయ్యేది బావ కాబట్టి! చాలా, ఇంకా చెప్పాలా?"

"ఇవన్నీ నేల మీద నిలబడి చెప్పే కబుర్లు" అంది అక్క. "ప్రాణం మీదికొచ్చినప్పుడు నీ నోట్లోంచి కూడా దేవుడి పేరే వస్తుంది."

"రాదు."

"వస్తుంది!"

"నీతో వాదించడం నాదే బుద్ధి తక్కువ" అని విసురుగా తిరిగి పిట్టగోడ ఎక్కాను. చూశాను అన్న మాట వినేశాను కదా, నా మనసులో ఆ పని అయిపోయింది. రోజూ చేసినట్టే ఒక కాలు అవతల పెట్టి, బరువు తాడు మీదికి వదిలాను.

తాడు బిగుసుకోలేదు. గోడ అంచున ఒలికిన సబ్బునీళ్ళ మీద కాలు జర్రున జారింది. కింద రోడ్డు కనిపించింది. తర్వాత నడుం పట్టీ వెనక్కి గుంజుకుని నా ఊపిరి ఆగిపోయింది.

బావ. రెండు చేతులతో నా పట్టీని వెనక నుంచి పట్టుకుని, మోకాళ్ళు గోడకి తన్నిపెట్టి లాగుతున్నాడు. అక్క నా చొక్కా కాలరు పట్టుకుంది. ముగ్గురం కలిసి డాబా మీద వెల్లకిలా పడ్డాం. బకెట్టు దొర్లి నీళ్ళన్నీ మా మీదే.

ఖాళీ కొక్కెం నా నడుం దగ్గర వేలాడుతోంది.

"ఎలా చూశావు బావా?" అన్నాను చివరికి.

"కళ్ళు తెరవగానే ముందు నీ నడుం వైపే చూస్తానురా. రోజూ అంతే." మోకాలి దగ్గర ప్యాంటు చిరిగి రక్తం వస్తోంది. తుడుచుకోలేదు.

"దేవుడే నన్ను ఈ వేళకి పైకి పంపాడు" అంది అక్క.

నువ్వు రాకపోతే నేనసలు కొక్కెం విప్పేవాణ్ణే కాదు అనబోయాను. నా జన్మలో మొదటిసారి ఒక జవాబు నాలిక చివరిదాకా వచ్చాక మింగేశాను.

అంతలో అక్క నా వైపు అదోలా చూసింది. "ఏమని అరిచావురా ఇందాక?"

"నేను అరిచానా?"

"వీధి వీధంతా వినపడేలా అరిచావు" అన్నాడు బావ. "అక్కా అని."

అక్క మొహం చిన్నపిల్ల మొహంలా అయిపోయింది. నా వీపు మీద ఒకటి చరిచింది, ఇంకోటి చరిచింది, "వెధవా, వెధవా" అంటూ నన్ను పట్టుకుని భోరుమంది. నేనూ ఏడ్చేశాను. సిగ్గెందుకు, బాగా ఏడ్చాను.

తర్వాత కళ్ళు కొంగుతో తుడుచుకుని లేచి, నా నడుం దగ్గరి కొక్కెం చేతిలోకి తీసుకుంది. తాడుకి తగిలించింది. మర ఎటు తిప్పాలో బావని అడిగింది. బిగించి, పళ్ళు బిగబట్టి, నన్ను కూడా కదిలించేంత గట్టిగా లాగింది.

"చూశాను" అంది.

బావ నవ్వుతూ వచ్చి మళ్ళీ లాగి చూశాడు. "ఇవాళ్టికి మాత్రం దిగేది లేదు. ఇద్దరి చేతులూ వణుకుతున్నాయి" అన్నాడు.

"రేపు దిగండి" అంది అక్క. "ఏవండీ, ఆ కుర్చీల వాళ్ళకి రానని చెప్పెయ్యండి. వీడి నడుం వైపు చూసేవాళ్ళు ఒకళ్ళుండాలి."