కుప్పయ్య దువ్వెన

గాజుతొట్టి మీది ఎర్రగీతకన్నా నీళ్ళు అరంగుళం దిగాయి. కుప్పయ్య చెంబుతో మంచినీళ్ళు సన్నని ధారగా పోసి, గీత దగ్గరికి రాగానే ఆపాడు. ఆవిరయ్యేది నీళ్ళేగాని ఉప్పు కాదు కాబట్టి పోయవలసింది మంచినీళ్ళే. ఈ సంగతి తన తర్వాత వచ్చేవాడికి చెప్పాలని పొద్దుటినుంచి మూడుసార్లు అనుకున్నాడు. వచ్చేదెవరో కాలేజీవాళ్ళకే తెలియదు. వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో పప్పులో ఉప్పు తక్కువైందని ఒక్కనాడూ కనిపెట్టలేని మనిషి, ఈ తొట్టిలో చిటికెడు తేడా వస్తే పట్టేస్తాడు. భార్య శకుంతలమ్మ ఈ ఒక్క విషయంలో అతన్ని క్షమించలేదు.

చేపలను లెక్కపెట్టాడు. పసుపు ఒంటిమీద నల్లచారలవి రెండు, శంఖంలో కాపురముండే పీత ఒకటి. మళ్ళీ లెక్కపెట్టాడు. అప్పుడూ మూడే.

పొడుగాటి మనిషి. తొట్టిలోకి వంగీ వంగీ వీపు అలాగే నిలిచిపోయింది. ఉప్పునీళ్ళకు వేళ్ళ కొసలు పగిలి, ఎండిన చింతతొక్కుల్లా ఉంటాయి. జంతుశాస్త్రం అటెండరుగా తిరుపతిలోని ఆ కాలేజీలో అతనికి ఇవాళ ఆఖరి రోజు. మర్నాడు ఆయుధపూజ, అందుకని సామాన్ల పూజ కూడా ఇవాళే. రేపటినుంచి పదిరోజులు సెలవులు.

ఆరేళ్ళ కిందట రాజారత్నం సారు శ్రీహరికోట వైపు నుంచి డబ్బాల్లో సముద్రపు నీళ్ళు తెప్పించి ఈ తొట్టి పెట్టించాడు. మొదటి రెండు విడతల చేపలూ చచ్చాయి. అప్పుడాయన ఏదో విదేశీ పత్రిక చదివి, కిటికీలకు కొట్టే ప్లాస్టిక్ దోమల జాలీ ఒకటి తెచ్చి, తొట్టిపైన ట్యూబులైటు కింద ఏటవాలుగా బిగించాడు. చిన్న మోటారు నీళ్ళను పైకి తోస్తుంది, అవి జాలీ మీదుగా జారి తొట్టిలో పడతాయి. జాలీకి పాచి పడుతుంది. మిగిలిన మేత, చేపల మలం నీళ్ళలో కరిగి ఎరువవుతాయి, ఆ ఎరువు చేపలకు విషం, పాచికి భోజనం. వారానికోసారి పాచిని గీకి పారేస్తే దానితోపాటు ఎరువూ పోతుంది. గీకేది మాత్రం సగమే. మిగతా సగం పని చేస్తూ ఉండాలి.

సారు బదిలీ మీద వెళ్ళిపోయాడు. పాచి కుప్పయ్యకు మిగిలింది. తలమీది వెంట్రుకలు ఒక్కటొక్కటే సెలవు తీసుకున్నాక, పని లేకుండా పోయిన దువ్వెనకు అతనే ఈ గీకే ఉద్యోగం ఇచ్చాడు.

పదిన్నరకు ఆఫీసులో సంతకాలకు పిలిచారు. ఎందుకు పెడుతున్నాడో తెలియని సంతకాలు పదకొండు పెట్టి తిరిగి వచ్చేసరికి ల్యాబంతా కర్పూరం వాసన. సూక్ష్మదర్శినులకు గంధం, కుంకుమ. మూలనున్న అస్థిపంజరం నుదుటికీ బొట్టు. కుప్పయ్య చూపు అక్కడినుంచి తొట్టిపైకి పోయి ఆగిపోయింది.

జాలీ కొత్తదానిలా తెల్లగా ఉంది. దాని చెక్క అంచున వరసగా మూడు కుంకుమ బొట్లు. మేకుకు వేలాడుతున్న దువ్వెనకు ఒకటి.

ఆయా నాగులమ్మ మెచ్చుకోలు కోసం గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"నువ్వు పొయ్యే దినం గదా అన్నా, నీ సామాన్లు తళతళా ఉండల్లని," అంది. "ఏంటికట్ల సూస్తాండావు?"

"సబ్బు పెట్నావా మే?"

"సబ్బెందుకు? బూడిదేసి తోమినా."

సబ్బైతే చేపలు సాయంత్రందాకా బతికేవి కావు. కుప్పయ్య ముందు జాలీ అంచుమీది కుంకుమ బొట్లను తడిగుడ్డతో తుడిచాడు. పాచి ఎక్కడ పారేసిందని అడిగితే ఆమె పెరటి కొళాయి చూపించింది. శకుంతలమ్మ సన్మానం కోసమని ఇస్త్రీ చేసిచ్చిన తెల్లపంచెతోనే అతను కాలవ పక్కన మోకాళ్ళమీద కూర్చున్నాడు. బూడిదలోంచి, తమలపాకు తొడిమల్లోంచి, పచ్చటి పోగులను ఒక్కొక్కటే ఏరి గిన్నెలో వేసుకున్నాడు. నాగులమ్మ ఎదురుగా కూర్చుని తానూ ఏరసాగింది. పిడికెడంత దొరికింది. తొట్టినీళ్ళలో కడిగి జాలీ కంతల్లోకి వేలితో రుద్దాడు. నీటిధారకు సగం కొట్టుకుపోయింది. మళ్ళీ ఏరి మళ్ళీ రుద్దాడు. ఇది మళ్ళీ పట్టాలంటే మూడు వారాలు. ఈలోపు చేపల గతేమిటి? రేపటినుంచి గేటు దాటి లోపలికి రావడానికి తనకు పనేముంది?

మూడున్నరకు సన్మానం. ప్రిన్సిపాలుగారు అతని నిజాయితీ గురించి, సమయపాలన గురించి మాట్లాడి, పేరు దగ్గర మాత్రం కాగితం చూసుకున్నారు. ఎప్పుడూ వేళకు వచ్చినవాడికి బహుమతిగా గడియారం ఇచ్చారు. దండ, శాలువా కింద పంచె మోకాళ్ళ దగ్గర పచ్చగా మరకలు పడి ఉంది. కుప్పయ్యకు చప్పట్లు వినిపించలేదు. ల్యాబులో మోటారు ఆగిందేమోనని చెవి అటే ఉంది.

చప్పట్లు అయిపోగానే నాగులమ్మను తొట్టి దగ్గరికి పిలిచాడు. సెలవుల్లోనూ ఊడవడానికి వచ్చేది ఆమె ఒక్కతే.

"మూడు వారాలు జాలీని ముట్టుకోవద్దు. ఆనెంక వచ్చే శుక్రవారం గోడవైపు సగం గీకు, పై శుక్రవారం కిటికీవైపు సగం."

"సగం గీకేదేంది నా? ఇరవై ఏండ్లుగా సగమే ఊడ్సినావని నన్ను తిట్తా ఉండిన కాలేజీ గదా ఇది."

"ఈ ఒక్కటీ సగమే. ఎండురొయ్యల పొడి దినం ఇడిసి దినం, ఒక్క చిటికెడు."

"పండగపూట పస్తు పెట్టమంటావా?"

"పస్తు పెడితేనే బతుకుతాయి మే."

ఆమె తొట్టికేసి చూసింది. తెల్లగా మెరిసే జాలీకేసి చూసింది. తాను చేసిందేమిటో అప్పుడు అర్థమైనట్టుంది, కొంగుతో నోరు మూసుకుంది. కుప్పయ్య ఆమె వైపు చూడకుండా, అస్థిపంజరానికి బొట్టు బాగా కుదిరిందన్నాడు.

గేటు దాకా నడిచాడు. అక్కడ ఆగి, ఏదో మరిచిపోయినవాడిలా వెనక్కి తిరిగాడు. వరండాలోంచి నాగులమ్మ గొంతు వినిపించింది.

"గీతదాకా మంచినీళ్ళే నా, ఉప్పునీళ్ళు కాదు. నాలుగుసార్లు సెప్పినావు."

తల ఊపి, తిరుచానూరు బస్సెక్కాడు. సీట్లో కూర్చున్నాక చెయ్యి పాత అలవాటుగా దువ్వెన కోసం చొక్కాజేబు తడిమింది.

ల్యాబులో మేకుకు దువ్వెన వేలాడుతూ ఉంది. పళ్ళ సందుల్లో నిరుటిదో మొన్నటిదో పాచి ఎండిపోయి ఉంది, వెన్నుమీద నాగులమ్మ పెట్టిన కుంకుమ బొట్టు.