వేడి తారు మీద ఆగకూడదు

వేడి తారు మీద రోలరు ఆపకూడదు. ఆపితే ఆ బరువుకి గుంట పడుతుంది, చల్లారాక దాన్ని బ్రహ్మదేవుడు దిగొచ్చినా చదును చెయ్యలేడు. అందుకే రోలరు డ్రైవరు పని మొదలెడితే తుమ్మడానికి కూడా ఆగడు.

ఆ పొద్దున అతని పెళ్లాం రొప్పుతూ పరుగెత్తుకొచ్చింది. రాత్రంతా ఆస్పత్రిలో, కాన్పుకెళ్లిన కూతురి దగ్గరే ఉన్న మనిషి. ఏం కబురు తెచ్చిందోనని అతను సీట్లోంచి ముందుకి వంగాడు. రోలరు ముందుకెళ్తే ఆమె రోడ్డు వారన ముందుకు నడిచింది, వెనక్కొస్తే తనూ వెనక్కొచ్చింది. ఏదో చెబుతోంది గానీ ఇంజను మోతలో ఒక్క ముక్క వినపడితే ఒట్టు.

"నోట్లో బెల్లంగడ్డ ఉందా? గట్టిగా చెప్పవే!" అని కసిరాడు.

"ఆడపిల్లయ్యా! తల్లీబిడ్డా క్షేమం!"

అతనికి కళ్లు మసకబారాయి. ఇన్నేళ్ల అలవాటూ మర్చిపోయి, కిందికి దూకేద్దామని రోలరు ఆపబోయాడు.

"ఆపావంటే ఊరుకోను!" అని ఆమె కేక పెట్టింది. "మనవరాల్ని ఎత్తుకుని అమ్మాయి ఎల్లుండి ఈ రోడ్డు మీదే ఇంటికొస్తుంది. పచ్చి బాలింత, ఒక్క కుదుపు తగిలిందో, నీ పని చెప్తా!"

అతను ముక్కు చీదుకుని, అప్పటికే అద్దంలా ఉన్న ఆ చోట ఇంకోసారి రోలరు పోనిచ్చాడు.