యశి మోచెయ్యి

నా నోరు మంచిది కాదు. గోపాలపట్నంలో మా వీధిలో ఎవర్ని అడిగినా చెబుతారు. అచ్యుతాపురంలో నేను బట్టలు కుట్టే కంపెనీలో సూపర్‌వైజర్ని అడిగితే ఇంకా బాగా చెబుతాడు. చెప్పనీండి. ఆ రోజు జిమ్ములో నా పిల్లని కాపాడింది ఆ నోరే.

నా కూతురు యశస్విని బరువులెత్తుతుంది. ఎత్తేది అనాలి, ఇంకా అలవాటు కాలేదు నాకు. పదహారేళ్ళు. జిల్లాలో దాని వయసు ఆడపిల్లల్లో దాని ముందు నిలబడేవాళ్ళు లేరు. దసరా ముందు సెలక్షన్లు, అందులో నెగ్గితే రాష్ట్ర జట్టు, జట్టులోకి వెళ్తే హాస్టల్లో సీటు, మంచి కోచింగు. పొద్దున్న లేస్తే దానికి అదే ధ్యాస, రాత్రి పడుకుంటే అదే కలవరింత.

వేసవి సెలవుల్లో ఒకరోజు నాకు వారాంతపు సెలవు. టిఫిన్ క్యారేజీ పట్టుకుని జిమ్ముకి వెళ్ళాను. నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే బరువుల బార్ దాని తలమీద నుంచి వెనక్కి వెళ్ళిపోయింది. వదిలెయ్యాలి. ఆ మొండిఘటం వదల్లేదు. ఎడమ మోచెయ్యి ఉండాల్సిన చోట లేదు. క్యారేజీ అక్కడే పడేసి లోపలికి పరిగెత్తాను.

యశి మాత్రం ఏడవలేదు. పెదవి కొరుక్కుని కూర్చుంది. బరువులెత్తే పిల్లలకి మొదట నేర్పేదే అది, నొప్పి అనకూడదని.

కోచ్ గురువులు మాస్టారు చెడ్డవాడేం కాదు. కంగారుపడి పరిగెత్తుకొచ్చాడు. "బయపడకమ్మా అనూరాధా, ఎలమంచిలి దాటినాక ఒకాయన కట్టు కడతాడు. మా గుంటలందర్నీ ఆయన కాడికే తీసికెల్తాం. రెండు కట్లకి మళ్ళీ బారెత్తీసినారు" అన్నాడు.

"మీ గుంటల్ని తీసికెల్లండి మాస్టారూ! నా గుంటని ఆస్పత్రికే తీసికెల్తాను. అడ్డొచ్చారా, మీ సెయ్యి కూడా అక్కడే సూపించుకోవాల" అన్నాను.

ఆటోలో దారి పొడుగునా డ్రైవర్ని తిడుతూనే ఉన్నాను, పాపం. గోతిలో పడేస్తే ఒక తిట్టు, మెల్లగా పోతే ఒక తిట్టు.

ఎముకల డాక్టరు శివరామకృష్ణగారు ఎక్స్‌రే తీయించి, మత్తిచ్చి, జారిన కీలుని మళ్ళీ దాని చోట కూర్చోబెట్టి పట్టీ వేశారు. బయటికొచ్చి, "వెంటనే తెచ్చారు, మంచి పని చేశారమ్మా. ఎముక విరగలేదు. చెప్పినట్టు వింటే ఈ పిల్ల మళ్ళీ బరువెత్తుతుంది" అన్నారు. ఆ మాటకి అంత పెద్దాయన కాళ్ళమీద పడబోయాను.

ఆయన ఒక్కటే గట్టిగా చెప్పారు. పట్టీ తీశాక చెయ్యి యశే మెల్లమెల్లగా మడవాలి, చాపాలి. ఎవరూ లాగకూడదు, తోమకూడదు, నూనె పెట్టి రాయకూడదు.

"రాత్తే ఏటవుద్దండీ?" అన్నాను.

"లోపల దెబ్బతిన్న కండ ఉంది, నెత్తురు గూడుకట్టి ఉంది. దాన్ని కెలికితే అందులో ఎముక పుడుతుంది. ఎముక పుట్టిందంటే ఇక చెయ్యి చాపలేదు."

బరువులెత్తే ఆటలో చెయ్యి చాపలేకపోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. బార్ తలమీదకి వెళ్ళాక రెండు మోచేతులూ తిన్నగా, కర్రల్లా నిలబడాలి. ఒక్కటి వంకరగా ఉన్నా జడ్జీలు ఎర్రలైటు వేస్తారు. ఎంత బలముండనీ, ఎంత బరువెత్తనీ, అది లెక్కలోకి రాదు.

అందుకే ఇంటికొచ్చి దండోరా వేసినట్టు చెప్పాను. పోర్టులో లారీ తోలే మా ఆయన అప్పలసూరికి చెప్పాను, ఎదురింటి గౌసియాకి చెప్పాను. మా అత్త జోగమ్మకైతే ఎదురుగా కూర్చుని చెప్పాను.

"దాని సెయ్యి ముట్టకు అత్తా. నూనె గీనె ఏటీ వద్దు. డాక్టరు మరీమరీ సెప్పినాడు."

"అలాగేనే, నాకేటి సెవుడా?" అంది అత్త.

మా అత్త చేతుల గురించి చెప్పాలి. మా వీధిలో ఏ ఇంట బిడ్డ పుట్టినా నీళ్ళు పొయ్యడానికి ఆవిడే వెళ్ళాలి. పీట మీద కూర్చుని కాళ్ళు బారచాపి, బిడ్డని వాటిమీద పడుకోబెట్టి, గోరువెచ్చటి నూనె ఒళ్ళంతా పట్టించి, కాళ్ళూ చేతులూ సాగదీసి, అడ్డంగా మార్చి, మళ్ళీ సాగదీసి వేన్నీళ్ళు పోస్తే బిడ్డ పూటంతా మెదలకుండా నిద్రపోయేది. గౌసియా మనవడికీ ఆవిడే పోసింది. యశి నాకు నెలలు నిండకుండా పుట్టింది. పిల్లి పిల్లంత ఉండేది, బతకదనుకున్నారు. ఏడాదిపాటు రోజూ రెండుపూటలా ఒళ్ళు తోమి తోమి దాన్ని మనిషిని చేసింది అత్త. యశి జిల్లాలో మెడల్ కొట్టిన రోజున దాని జబ్బలు పట్టుకుని వీధంతా తిప్పింది. "ఇవి ఏ మాస్టారూ పెంచినవి కావు, నా సేతి పని!" అని చెప్పుకుంది. నిజమే కదా అని నేనూ మురిసిపోయాను.

పట్టీ తీశారు. మొదట్లో చెయ్యి బాగానే సాగింది. ఆస్పత్రిలో వ్యాయామం చేయించే అమ్మాయి కూడా, ఇలాగే ఉంటే వానలు తగ్గేసరికి బార్ పట్టుకోవచ్చు అంది. యశి మొహంలో మళ్ళీ వెలుగు వచ్చింది.

తరవాత ఏమైందో ఏమో, చెయ్యి వెనకడుగు వేసింది. మోచెయ్యి వాచింది, ముట్టుకుంటే కాలుతోంది. నిన్న సాగినంత ఇవాళ సాగదు. నాకు ఒళ్ళు మండి ఆ వ్యాయామం అమ్మాయి మీద విరుచుకుపడ్డాను. "ఏటి నేర్పుతన్నావు తల్లీ నువ్వు? నా పిల్ల బాగుపడతందా పాడవుతందా?" అని పదిమందిలో కడిగేశాను. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, "డాక్టరుగారికి చూపించండి మేడమ్" అంది.

చూపించాం. డాక్టరుగారు కొత్త ఎక్స్‌రే దీపం మీద పెట్టి పాతదానితో పోల్చి చూశారు. తరవాత మోచెయ్యి ముందు భాగంలో తెల్లగా, మబ్బులా ఉన్న చోట వేలు పెట్టారు. "ఇది పోయినసారి లేదు. ఇది ఎముక. కండలో పుట్టింది" అన్నారు.

నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని కాదు, నా చెవులు దాన్ని లోపలికి రానివ్వలేదు.

"చేతిని ఎవరు తోముతున్నారమ్మా?"

"ఎవులూ నేదండీ!" నేను గయ్యిమన్నాను. "ఎవులు తోముతారు? నాను ఇల్లూ వాకిలీ ఏకం సేసి సెప్పినాను కదా! నా ఇంట్లో ఆ పని ఎవులూ సెయ్యరు."

డాక్టరు నావైపు చూడలేదు. యశివైపు చూస్తున్నారు. అది తల వంచుకుంది. జిమ్ములో మోచెయ్యి జారిననాడు కూడా ఏడవని పిల్ల భుజాలు కదిలిపోతున్నాయి.

"మామ్మ" అంది.

రోజూ నేను కంపెనీ బస్సెక్కాక అత్త నూనె కాచేదట. యశిని ముందు కూర్చోబెట్టుకుని, పసిబిడ్డకి చేసినట్టే చెయ్యి ఒళ్ళో పెట్టుకుని తోమి సాగదీసేదట. డాక్టర్లు ఆ మాట చేతకాని వాళ్ళకి చెబుతారనీ, తన చేతికి వంగని కీలు లేదనీ అనేదట. సెలక్షన్ల నాటికి నీ చెయ్యి నిలబెడతాను, మీ అమ్మకి మాత్రం చెప్పకు, అప్పుడు చూసి తనే నోరు మూసుకుంటుంది అనేదట.

"నొప్పెట్టలేదా?" అడిగారు డాక్టరు.

"పెట్టేదండి."

"మరి చెప్పలేదా?"

"నొప్పెడతందా అని అడిగీది. నేదనీదాన్ని. నొప్పంటే మామ్మ ఆపేసీది కదండీ. సెలక్సన్లు దగ్గరకొచ్చెత్తన్నాయి."

ఇంక నాకు అడగాల్సింది ఒక్కటే ఉంది. అడగడానికి ధైర్యం చాలలేదు. ఆయనే చెప్పారు. ఆ ఎముక ముదరడానికి ఏడాదైనా ఆగాలి. ఆ తరవాత ఆపరేషన్ చేసి తీయొచ్చు. అన్నం తినడానికి, రాసుకోడానికి, రేపు ఏదైనా ఉద్యోగానికి ఇబ్బంది ఉండదు.

"బార్ ఎత్తడానికండీ?" యశి అడిగింది.

"పూర్తిగా తిన్నగా రాదమ్మా. ఆ ఆట వద్దు ఇక." ఆయన ఎక్స్‌రే తీసి కవర్లో పెట్టేశారు. "ఇప్పుడు చేతికి పూర్తి విశ్రాంతి కావాలి. ఇకమీదట ఎవరూ వేలు కూడా పెట్టకూడదు. పెడితే ఇంకా పెరుగుతుంది, అసలు మడవడానికీ రాదు."

బస్సులో నేను మా అత్తని తిట్టుకుంటూనే కూర్చున్నాను. వెళ్ళగానే ఏమనాలో ఒక్కో మాటా నూరి పెట్టుకున్నాను. ఎన్‌ఏడీ జంక్షన్ దాటాక యశి నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, మామ్మకి సెప్పకే."

"సెప్పకేటి? ఊరంతా ఇనేలా సెప్తాను!"

"అది నాకోసమే సేసింది కదే. నానే ఆడ్డం మానేసినానని సెప్దాం. సదువుకుంతానని సెప్దాం."

"సెప్పకపోతే రేపు మళ్ళీ నూనె కాత్తాది. నువ్వు వద్దంటే దొంగతనంగా నిద్దట్లో రాత్తాది. నీకు తెల్దా దాని సంగతి?"

అది మొహం తిప్పుకుంది. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నా కోపమంతా ఏమైపోయిందో తెలీదు. పదహారేళ్ళ పిల్ల, చేతిలోంచి బతుకు జారిపోయిన అరగంటకి, ముసల్దాని మనసు గురించి ఆలోచిస్తోంది. దానికా గుణం నా దగ్గర్నుంచి రాలేదు. అత్త దగ్గర్నుంచే వచ్చింది.

ఇంటికి వెళ్ళేసరికి అత్త గుమ్మంలోనే ఉంది. "ఏటన్నాడే డాక్టరు? సెయ్యి సాగతందన్నాడా?" అంది ఆశగా.

నూరి పెట్టుకున్న మాట ఒక్కటీ రాలేదు. జీవితంలో మొదటిసారి మెల్లగా మాట్లాడాను. డాక్టరు చూపించింది చూపించినట్టు, చెప్పింది చెప్పినట్టు చెప్పాను. తోమినచోట ఎముక పుట్టిందన్నాను. బార్ ఎత్తదన్నాను. "నువ్వు కావాలని సేసినావని నాననను అత్తా" అని కూడా అన్నాను.

ఆవిడ కాసేపు నమ్మలేదు. "నూనె రాత్తే ఎముక పుట్టడమేటే? ఎంతమంది పిల్లలకి రాసినాను!" అంది. తరవాత యశి మొహం చూసింది. గోడ పట్టుకుని మెల్లగా కూర్చుండిపోయింది. ఆ పూట అన్నం తినలేదు.

మర్నాటి నుంచి అత్త యశిని తాకడం మానేసింది. పళ్ళెం కింద పెట్టి కాస్త జరుపుతుంది తప్ప చేతికివ్వదు. యశి పక్కన కూర్చుంటే లేచి అవతలికి వెళ్ళిపోతుంది. గౌసియా కోడలు రెండో బిడ్డకి నీళ్ళు పొయ్యమని కబురంపితే, తనకి నడుం నొప్పనీ, ఇంకెవర్నన్నా చూసుకోమనీ చెప్పించింది. నేను పోట్లాడదామంటే కూడా ఎదురు మాట్లాడ్డం లేదు. పోట్లాడే అత్తే నాకు నయం అనిపించింది.

సెలక్షన్లు జరిగిన రోజు ఆదివారం. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఎవరు నెగ్గారో గురువులు మాస్టారు మా ఆయనకి ఫోన్ చేసి చెప్పాడు. చెప్పి ఏడ్చాడట కూడా. నేను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. యశి తలస్నానం చేసి, జుట్టు విరబోసుకుని, దువ్వెన పట్టుకుని వచ్చింది. దాని ఎడమ చెయ్యి తల వెనక్కి వెళ్ళదు. నా దగ్గరకి వస్తుందనుకున్నాను. నన్ను దాటుకుని వెళ్ళి, వాకిట్లో కూర్చున్న అత్త ముందు వీపు చేసి కూర్చుంది.

"జడెయ్యి మామ్మా."

"మీ అమ్ముంది కదా."

"అమ్మ పీకీత్తాది. నువ్వెయ్యి."

అత్త కదల్లేదు. యశి కూడా కదల్లేదు. మొండితనంలో ఇద్దరూ ఇద్దరే. చివరికి అత్త దువ్వెన అందుకుంది. వేలు తగలకుండా దువ్వెన కొసతోనే పాపిడి తీసింది. చిక్కు తగిలినచోట ఆగిపోయింది.

"నొప్పెడతందా?" అని అడిగింది భయంభయంగా.

లేదంటుందని నాకు తెలుసు. ఎవరడిగినా అది లేదనే అంటుంది, దాని అలవాటే అంత.

"నొప్పెడతంది మామ్మా" అంది యశి.

"ఎక్కడే? ఈ సిక్కు కాడేనా?"

"సెయ్యి. అప్పుడూ నొప్పెట్టింది. నువ్వు రాసినప్పుడల్లా పేనం పోయినట్టుండీది. సాలా నొప్పెట్టింది మామ్మా." మోకాళ్ళలో తల పెట్టుకుని పసిపిల్లలా బావురుమంది.

నేను కత్తిపీట వదిలేసి గుమ్మం దాకా వెళ్ళి అక్కడే నిలబడిపోయాను. అత్త దాని వీపు నిమరబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, రెండు చేతులూ పమిట కింద దాచేసుకుంది.

"ఇప్పుడు సెప్తే నానేటి సెయ్యనే నా తల్లీ?" అంది.