దేవరగండి వింటికొప్పు

నేను ఒక వింటికొప్పును. అంటే ఏమిటో మీకు తెలియదని నాకు తెలుసు, అందుకే చెబుతున్నాను. బరువైన విల్లును లాగినప్పుడు అల్లెతాడు ఉత్త కర్రను కోసుకుంటూ కిందికి దిగిపోతుంది. అలా దిగకుండా విల్లు కొనకు కొమ్ముతో ఒక తొడుగు వేస్తారు. ఆ తొడుగునే నేను. కిందికొనకు ఇంకొకటి ఉండేది. దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు. జనం విల్లు పట్టుకున్నవాడిని చూసి చప్పట్లు కొడతారు. లాగుడంతా భరించేది మేము.

కొమ్ముగా ఉన్న నన్ను నెత్తిన మోసిన దుప్పి ఒక వేసవిలో నన్ను పొదల్లోకి విదిలించి, వెనక్కి తిరిగి చూడకుండా పోయింది. జంతువుల్లో నాకు నచ్చే గుణం అదే. మనుషులైతే తమ వల్ల కానిదాన్ని కూడా పట్టుకుని వేలాడతారు.

కట్టెలకు వెళ్లినవాళ్లు నన్ను ఏరి, దేవరగండి కోటలో విల్లులు చేసే బూరాడ గౌరేసుకు ఇచ్చారు. అది తెల్లదొరల కాలం. ఇంటింటా తుపాకులున్న జమీందార్లకు విల్లుతో ఏం పని? కాని ప్రతి విజయదశమికీ జమ్మిచెట్టు దగ్గర, జనం కళ్ల ముందు, దేవరగండి జమీందారు పెద్ద విల్లు ఎక్కుపెట్టి ఒక బాణం వెయ్యాలి. ఆ ఒక్క బాణం కోసం గౌరేసు కుటుంబానికి కోటగోడ వారన ఒక ఇల్లు ఇచ్చి, ఏడాది పొడవునా తిండిగింజలు పోసేవారు.

గౌరేసుకు పని వచ్చు. కాదనను. కాని అన్ని గొప్పలు చెప్పుకునే నోరు నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. నన్ను రంపంతో కోస్తున్నప్పుడు వెంట్రుకలు కాలిన కంపు వాకిలంతా కమ్ముకుంటే, దారినపోయేవాళ్లను ఆపి మరీ చెప్పేవాడు. "మొదలు పనికిరాదు, లోపలంతా గుల్ల. కొనలోనే ఉంటది సత్తువ. అది తెలిసినోడు ఈ సీమలో నానొక్కడినే." ఆ కొనను నీళ్లలో నానబెట్టాడు. అడుగున, లోపలికి పోయేకొద్దీ సన్నబడేలా గుంత తొలిచాడు. విల్లు కొనను అదే వాటానికి చెక్కి, నన్ను తొడిగి చూసి, తీసి, గీకి, మళ్లీ తొడిగాడు. వెలుతురు దూరే సందు కూడా లేదని తేలాక తోలు మరగబెట్టి తీసిన సరేసు జిగురుతో అతికించాడు. తాడు కూర్చునే గాడిని ఆకురాయితో ఏటవాలుగా కోసి, గరుకు ఆకులతో రుద్దాడు. చివరికి నా నెత్తిన ఒక చేపబొమ్మ చెక్కాడు. చేప ఎందుకని అతని భార్య ఎరకమ్మ అడిగితే, "అందానికి" అన్నాడు. నన్నడిగితే వద్దనేదాన్ని.

ఆ విల్లు తయారు చేయించింది అప్పటి జమీందారు శోభనాద్రి భూపతి. తండ్రి పోయి, తొలిసారి తాను బాణం వెయ్యాల్సిన ఏడు అది. "నాన్నగారి విల్లు కంటే బరువుగా ఉండాలి" అన్నాడు. గౌరేసుకు కావలసిందీ అదే. ఒకడికి చూపించుకోవాలని, ఇంకొకడికి చేసి చూపించాలని. ఆ ఇద్దరి పొగరుకూ మధ్య తయారైన విల్లు అది.

దసరా ఇంకా దూరముండగానే కోట పెరటిలో, దివాను ఒక్కడే చూస్తుండగా, భూపతి దాన్ని లాగాడు. విల్లు జానెడు వంగి ఆగిపోయింది. ఆయన మెడనరాలు మాత్రం బాగా ఉబ్బాయి. చెమట తుడుచుకుని నా వైపు కోపంగా చూశాడు.

"కొప్పు సరిగా లేదు. తాడు జారుతోంది."

"చిత్తం. దోషం కొప్పులోనే ఉంది ప్రభూ" అన్నాడు దివాను. ఆ మాట అన్నందుకు అతనికి జీతమిచ్చేవారు.

గౌరేసు నన్ను వేడినీళ్లతో ఊడదీసి మళ్లీ అతికించాడు. మళ్లీ కోటకు వెళ్లాను, మళ్లీ తిట్లు తిని వచ్చాను. మూడోసారి కబురొస్తే గౌరేసు మంచం దిగలేదు. "ఆ విల్లు లాగాలంటే బుజాలుండాల. మీసాలు సాలవు" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. విల్లును ఎరకమ్మ మోసుకెళ్లింది.

కోట వెనకవాకిట్లో రాణి చంద్రమణీదేవి ఆమెను ఆపింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"ఎరకమ్మా, పండగనాడు అంతమంది ముందు ఇది వంగకపోతే ఆయన ఏమైపోతారో నాకు తెలుసు. మీ ఇంటాయన్ను ఏం చేస్తారో కూడా తెలుసు. వంగేలా చెయ్యమని చెప్పు."

"సెయ్యడమ్మా. తల తీసినా సెయ్యడు."

"అయితే ఎలా?"

ఎరకమ్మ విల్లును కింది నుంచి పైదాకా ఒకసారి నిమిరింది. "నాను సూత్తానులెండమ్మా" అని దాన్ని ఇంటికి తిరిగి తెచ్చేసింది.

గౌరేసు సరేసు కొనడానికి సంతకు వెళ్లిన రోజున ఆమె గడపలో కూర్చుని విల్లును ఒళ్లో పెట్టుకుంది. కత్తి అంచుతో లోపలివైపు పొరలు పొరలుగా గీకింది. కాసేపు గీకడం, తాడెక్కించి వంపు చూడడం, దించి మళ్లీ గీకడం. విల్లు పైసగం, కిందిసగం ఒక్కలా వంగేదాకా వదల్లేదు. తెల్లగా బయటపడ్డ కర్రకు నూనె, మసి కలిపి పాముతూ పాత రంగు తెచ్చింది. విల్లు సత్తువ సగం పొట్టుగా రాలి వాకిట్లో పడింది. దాన్ని ఊడ్చి పొయ్యిలో వేసి, ఆమె గంజి కాచింది. నాకు ఒళ్లు మండిపోయింది. అంత విల్లు కోసం చేసిన కొప్పును, చీపురుపుల్లకు తలపాగాలా మిగిలాను.

విజయదశమినాడు భూపతి ఆ విల్లును చెవిదాకా లాగాడు. బాణం గురిగా నిలబెట్టిన అరటిబోదెలో దిగింది. జనం కేకలు ఊరంతా వినిపించాయి. అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపడినవాడు భూపతి. కాసేపట్లోనే ఆ ఆశ్చర్యం పోయి నమ్మకమైంది. జనంలో గౌరేసు ఒక్కడే అరవలేదు. వంపు చూడగానే అతనికి అర్థమైపోయింది.

బాణం వేశాక విల్లును శుభ్రం చెయ్యడానికి గౌరేసు ఇంటికే పంపుతారు. దాన్ని గడపలో ఆనించి అడిగాడు.

"ఎవులు గీకినారే?"

"నానే."

"నా పనిలో సెయ్యెట్టినావా?"

"ఎట్టినాను. రాణిగోరే వంగేలా సెయ్యమన్నారు. నీ పొగరుకి ఇల్లు పోతే వానాకాలం ఎక్కడుంటాం మావా? నీ గొప్పల కిందా?"

అతను కొట్టలేదు, తిట్టలేదు. మాట్లాడడం మానేశాడు. ఆమె పెట్టినది తినేవాడు, ఆమె ఉన్న వైపు చూసేవాడు కాడు. వాగడమే పనిగా బతికినవాడు అంత మౌనం ఎక్కడ దాచుకున్నాడో నాకు తెలియలేదు.

ఇక భూపతి. పక్క ఎస్టేటులో పెళ్లికి నన్నూ వెంటబెట్టుకుని వెళ్లాడు. భోజనాలయ్యాక, అడక్కపోయినా తన బాణం సంగతి ఎత్తాడు. పెళ్లివారు నవ్వుతూ తమ గోడ మీది పాత విల్లును దించి చేతికిచ్చారు. అది అసలైన బరువు విల్లు. భూపతి లాగాడు. మోకాలు వంచి లాగాడు, కళ్లు మూసుకుని లాగాడు. అది కదల్లేదు. పెళ్లికూతురి మేనమామ దాన్ని అందుకుని తమలపాకు నములుతూ లాగేశాడు. ఆడవాళ్ల వైపు నుంచి ఒక నవ్వు వినబడింది. భూపతి ఆ రోజే బయల్దేరిపోయాడు.

దారి పొడవునా ఆలోచించి ఆయన తేల్చుకున్నదేమిటంటే, తాను బలహీనుడు కాడు, గౌరేసు మోసగాడు. మరునాడు పొద్దున్నే కోట చావడిలో అందరినీ నిలబెట్టి నన్ను, అంటే విల్లును, నేలకేసి కొట్టాడు.

"నాకు పిల్లలాట విల్లు చేసి ఇచ్చి నలుగురిలో నవ్వులపాలు చేశావు. దీన్ని పలచన చేసింది ఎవరు?"

తెర వెనక రాణి గాజులు చప్పుడు కాకుండా చేత్తో పట్టుకుంది. ఎరకమ్మ జనంలోంచి అడుగు ముందుకు వేసింది. గౌరేసు ఆమె వైపు చూడకుండానే అడ్డంగా చెయ్యి చాపి ఆపాడు.

"నానే గీకినాను బాబూ. నా సేతుల్తో నానే."

అలాంటి పని తన చేత్తో చెయ్యడం కన్నా చావు నయమనే మనిషి, నలుగురి ముందూ దాన్ని తనదని ఒప్పుకున్నాడు. ఇంతవరకూ మనుషుల గురించి నేనన్న ఏ మాటా వెనక్కి తీసుకోను. ఆ క్షణంలో మాత్రం నాకు అనడానికి ఏమీ తోచలేదు.

ఇల్లు పోయింది, గింజలు పోయాయి. విల్లును మంటలో పడేయించారు. అంతకుముందే నన్ను ఊడబెరికి గౌరేసు ముఖాన విసిరారు. కింద పడ్డ నన్ను ఎరకమ్మ ఏరి బొడ్లో దోపుకుంది.

ఊరు దాటి, ఏరు దాటి, మూటలు దించి కూర్చున్నారు. అప్పుడు ఆమె అడిగింది.

"నా పేరు సెప్పీలేకపోయావా మావా? రాణిగోరి పేరైనా సెప్పాల్సింది."

గౌరేసు కాలిముల్లు లాగి పారేశాడు.

"అంత సాపుగా ఆడది గీకిందంటే ఆళ్లు నమ్ముతారేటి?" అన్నాడు. ఆమె ముఖంలోకి చూశాడు. "ఎక్కడా ఎగుడుదిగుడు లేదే. నాను గీకినా అలాగే ఉండును."

ఎరకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు కనబడలేదు.

తర్వాత వాళ్లు ఒక బస్తీలో కొమ్ము దువ్వెనలు చేసుకుని బతికారు. అతను కోసేవాడు, ఆమె నునుపు చేసేది. గొప్పలు మళ్లీ మొదలయ్యాయి. కాకపోతే ఇప్పుడు దారినపోయేవాళ్లను ఆపి, "మా ఆడది" అని మొదలుపెట్టేవాడు. ఒకసారి ఆమె గీకుడుకత్తి పిడి విరిగితే, విల్లు కొన కోసం తొలిచిన నా గుంతలో కత్తి తోకను దిగ్గొట్టి సరేసు పోశాడు. ఎవరూ నన్ను అడగలేదు. మనుషులు అడగరు. రాజుల విల్లు కోసం చేసిన కొప్పును ఒక ముసలిదాని కత్తికి పిడినయ్యాను. ఆమె బొటనవేలు ఒరిసి ఒరిసి నెత్తిన ఉన్న చేపబొమ్మ అరిగిపోయింది. అది పోయినందుకు నాకు బాధ లేదు.